మణికట్టు మీద పాలచుక్క

పోయిన వారం మీరు నన్ను బయోకెమిస్ట్రీ విభాగం మెట్ల మీద వదిలి వెళ్ళారు. చేతిమీద తెల్ల కోటు, గుప్పెట్లో పాలసీసా మూత. పొద్దున హడావుడిలో ఆ మూత చేతిలోనే ఉండిపోయింది, బస్సు దిగాక గాని చూసుకోలేదు. దాన్ని కోటు జేబు అడుక్కి తోసేసి పైకెక్కాను.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం రెండు మాటలు. బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ రెండో ఏడాది సగంలో వదిలేసి వెళ్ళిన నన్ను మళ్ళీ చేర్చుకోవడానికి విభాగం పెద్ద మేడమ్ ఒప్పుకున్నారు గానీ, షరతు మీద ఒప్పుకున్నారు. నెల రోజులు ల్యాబ్‌లో నా పని చూస్తారు. నచ్చితే సంతకం పెడతారు, నచ్చకపోతే దణ్ణం పెట్టి పంపేస్తారు. అప్పట్లో ఎందుకు మానేశావని అడిగితే ఒంట్లో బాగోలేదని చెప్పాను. ఇంటి దగ్గర ఇంకా నడక రాని కూతురు ఉందని, అది నా పాలు తప్ప సీసా ముట్టదని చెప్పలేదు. నాకంటే ముందు ఒకమ్మాయి ఇలాగే బిడ్డతల్లిగా తిరిగొస్తే మేడమ్ ఆ పిల్లని వెనక్కి పంపేశారని, ఆ అమ్మాయి మళ్ళీ ఈ గేటు తొక్కలేదని క్యాంటీన్‌లో విన్నాను. విన్నది విన్నట్టే మింగేసి నోరు మూసుకున్నాను.

ఆ నెలకి ఇదే ఆఖరి ప్రాక్టికల్.

ల్యాబ్‌లో నన్ను ఎదురుగా అక్క అంటారు, వెనక పాత అడ్మిషన్ అంటారు. నా బెంచీ మీద నాతోపాటు పనిచేసే అమ్మాయి మాత్రం ఆ రెండూ ఎదురుగానే అనేస్తుంది. సన్నగా, నిటారుగా, ఎటు తిరిగినా ఎవరికో ఒకరికి గుచ్చుకునేలా ఉంటుంది కాబట్టి ఆ పిల్లని గుండుసూది అంటారు. పెద్ద మేడమ్‌కి ఉన్న పేరు మైనస్ ఎనభై. విభాగం చివరి గదిలో, పెంచిన సూక్ష్మజీవుల్ని ఏళ్ళ తరబడి దాచే ఫ్రీజర్ ఒకటి ఉంది, దాని చల్లదనం అంత. ఆవిడ కారిడార్‌లోకి వస్తే నోట్లో మాట నోట్లోనే గడ్డకడుతుందని గుండుసూది అంటుంది.

కోటు తొడుక్కుని బొత్తాలు పెట్టుకుంటూ, రోజూ చేసే పనే ఆ రోజూ చేశాను. గోడవార ఉన్న ఇంక్యుబేటర్ అద్దంలోంచి లోపలికి ఒకసారి తొంగిచూశాను. నేను వెళ్ళిపోయిన రోజు దాంట్లో సూక్ష్మజీవుల్ని పెంచే నా పెట్రీ పళ్ళెం ఒకటి వదిలేసి వెళ్ళాను. జెల్లీ ఫిష్‌లో వెలుతురు పుట్టించే జన్యువుని తీసి బ్యాక్టీరియాలోకి ఎక్కిస్తే, ఆ బ్యాక్టీరియా కూడా అతినీలలోహిత కాంతిలో పచ్చగా వెలుగుతుంది. ఎక్కిందో లేదో తెలియాలంటే రాత్రంతా ఆగాలి. నేను పళ్ళెం లోపల పెట్టి, పొద్దున చూద్దామని ఇంటికెళ్ళాను. ఆ సాయంత్రమే, కడుపులో ఉన్నది నిలవాలంటే మంచం దిగకూడదని డాక్టరు చెప్పింది. మంచం మీద పడుకుని పైకప్పు చూస్తున్నన్ని నెలలూ నాకు ఆ పళ్ళెమే కళ్ళలో మెదిలేది. వెలిగిందా, లేదా? ఎవరినైనా అడుగుదామంటే నాతో చదివినవాళ్ళందరూ చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు. ఎప్పుడో కడిగి బోర్లించేసి ఉంటారు. అయినా అద్దంలోంచి చూడటం మానలేదు.

ఆ రోజు చేయాల్సింది పాలలోంచి కేసీన్ విడదీయడం. కేసీన్ అనే ప్రొటీన్ పాలలో కంటికి కనపడకుండా తేలుతూ ఉంటుంది. పాలని గోరువెచ్చగా చేసి, పలచటి ఎసిటిక్ ఆమ్లం చుక్కచుక్కగా వేస్తూ పోతే ఒక చోట ఉన్నట్టుండి విరుగుతాయి. అప్పటిదాకా ఒకదాన్నొకటి దూరంగా తోసుకునే రేణువులు సరిగ్గా అక్కడ తోసుకోవడం మానేసి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అక్కడ చెయ్యి ఆపాలి. ఇంకాస్త పోస్తే పట్టు వదిలేసి మళ్ళీ కరిగిపోతాయి.

అన్ని బెంచీల మీదా బీకర్లలో పాలు వేడెక్కుతున్నాయి. కాసేపటికి ల్యాబ్ అంతా కమ్మటి వాసన పట్టేసింది. మందుల వాసన, స్పిరిట్ వాసన, మాడిన వైరు వాసన పీల్చుకుని పీల్చుకుని మొద్దుబారిన ముక్కులన్నీ ఒక్కసారి తేరుకున్నాయి. కాఫీ పొడి ఎవరైనా తెచ్చారా అని గుండుసూది వెనక్కి తిరిగి అడిగింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఆ వాసన నా ముక్కు దగ్గర ఆగలేదు, తిన్నగా గుండెల్లోకి దిగిపోయింది. ఈపాటికి నా కూతురు గువ్వ నిద్ర లేచి ఉంటుంది. లేచిన వెంటనే ఏడవదు. ముందు తల తిప్పి నా చోటు చూసుకుంటుంది. చెయ్యి చాపి పక్కగుడ్డ తడుముతుంది. అక్కడ నేను లేనని తేల్చుకున్నాక అప్పుడు పెదవి విరుస్తుంది. అది తలపుకి రాగానే పాలు చేపుకొచ్చాయి. ఆపుదామంటే ఆగేవి కావు. కోటు ముందుభాగం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, ఏదో ఆలోచిస్తున్నట్టు నిలబడ్డాను.

మా వరసలో థర్మామీటరు రెండు బెంచీలకి ఒకటి. అవతలి బెంచీ వాళ్ళు దాన్ని వదలట్లేదు. గుండుసూది వాళ్ళతో పోట్లాడటానికి వెళ్ళింది. నేను బీకరు ముందు ఒక్కదాన్నే ఉన్నాను. పాల మీంచి సన్నటి ఆవిరి లేవడం మొదలైంది. ఎక్కువ వేడెక్కితే పని చెడుతుంది.

ఆ తరవాత జరిగింది నా చెయ్యి చేసింది, నేను కాదు. డ్రాపరుతో కాసిని పాలు తీసి, ఎడం చెయ్యి వెల్లకిలా తిప్పి, గ్లౌజుకీ కోటు అంచుకీ మధ్య మిగిలిన ఖాళీలో, మణికట్టు లోపలి వైపు, ఒక్క చుక్క వేసుకున్నాను. వెచ్చగా ఉంది, కాలట్లేదు. సరిపోయింది అనుకుని బీకరు దించాను కూడా.

తలెత్తితే ఎదురుగా మేడమ్.

ఇక్కడున్నదేదీ ఒంటికి తగలకూడదు, నోటికి తగలకూడదు, అది మంచినీళ్ళయినా సరే అన్నది ఆవిడ మొదటి రోజు నుంచీ చెప్పే మొదటి మాట. వేలికి అంటిన చక్కెర ద్రావణం నాకాడని ఒకబ్బాయిని మిగిలిన క్లాసంతా బయట నిలబెట్టారు. నేను చుక్కని తుడుచుకోవడం కూడా మరిచిపోయి అలాగే చెయ్యి వెల్లకిలా పెట్టుకుని నిలబడ్డాను. ఆవిడ నా మొహం చూడలేదు. మణికట్టే చూశారు. తరవాత ఆవిడ చూపు కోటు మీదకి మళ్ళీ అడ్డం తెచ్చుకున్న నా రెండో చేతి మీదకి వెళ్ళి, అక్కణ్ణించి మళ్ళీ మణికట్టు మీదకి వచ్చింది.

పని పూర్తి చేసి గదికి రమ్మని మామూలు గొంతుతోనే చెప్పి, పక్క బెంచీకి వెళ్ళిపోయారు.

గుండుసూది థర్మామీటరు గెలుచుకుని వచ్చేసరికి నేను మణికట్టు కోటుకేసి తుడుచుకుంటున్నాను. ఏమైందక్కా అంటే ఏమీ లేదన్నాను. ఆమ్లం వేయడం మొదలుపెట్టాను. ఒక్కో చుక్కా వేసి కలుపుతూ, కలిపి చూస్తూ, చూపు మాత్రం మేడమ్ వీపు మీదే ఉంది. పాలు విరిగాయి. తెల్లటి తునకలు పేరుకుని కిందికి దిగుతున్నాయి, పైన నీళ్ళు తేటపడుతున్నాయి. అక్కడ ఆగాల్సిన చెయ్యి ఆగలేదు. తునకలు అంచుల్లో కరగడం, తేటనీళ్ళు మళ్ళీ మసకబారడం చూశాక గాని నాకు తెలివి రాలేదు.

"అక్కా, మన పాలు అలిగి మళ్ళీ పాలైపోతున్నాయి" అంది గుండుసూది.

క్షారం తీసుకుని, చుక్క తరవాత చుక్క, వెనక్కి తెచ్చాను. తునకలు మళ్ళీ కట్టాయి గానీ మొదటిసారంత శుభ్రంగా రాలేదు. వడగట్టి, ఆరబెట్టి, మా వంతు తూకం వేశాక అందరికంటే మాదే తక్కువ వచ్చింది. ఆ పిల్ల నన్నేమీ అనలేదు. అనకపోవడమే గుచ్చుకుంది.

మేడమ్ గదిలో కుర్చీలు రెండు. ఒకదాని మీద పరీక్ష పేపర్ల కట్టలు, ఇంకోదాని మీద ఆవిడ. అందుకని ఆ గదికి వెళ్ళినవాళ్ళెవరైనా నిలబడే మాట్లాడాలి. నేను వెళ్ళేసరికి పేపర్ల కట్టలు నేలమీద ఉన్నాయి. ఖాళీ కుర్చీ నా వైపు తిప్పి ఉంది. దాని అంచు మీద కూర్చున్నాను. తిట్టబోయేవాళ్ళు కూర్చోబెట్టరు కదా. పంపేయబోయేవాళ్ళే కూర్చోబెడతారు.

కళ్ళద్దాలు తీసి గొలుసుకి వదిలేసి ఆవిడ అడిగారు.

"ఆడపిల్లా, మగపిల్లాడా?"

నేను గోడమీద గడియారం చూశాను. అబద్ధం ఆడటానికి ఇంకా చోటు ఉందేమోనని వెతికాను.

"ఆడపిల్ల మేడమ్."

"పాలు మాన్పించావా?"

"లేదు మేడమ్. సీసా పట్టదు. రోజూ పొద్దున చూస్తాను."

తెలుస్తోంది అన్నట్టు నా మణికట్టు వైపు చూశారు. బల్ల మీది పెన్నుకి మూత పెట్టి పక్కకి తోశారు. ఆవిడకి కోపం వచ్చిందని నాకు తెలిసింది గానీ, అది నేననుకున్న వైపు నుంచి రాలేదు.

పోయిన వారం జెల్ బెంచీ మీద ఏం చేశావని అడిగారు. ప్రొటీన్‌లని పరిమాణం ప్రకారం విడదీసే జెల్ పోశానని చెప్పాను. ఆ జెల్ గట్టిపడక ముందు ఏమిటది, చెప్పు అన్నారు. పరీక్షలో అడిగినట్టే అడిగారు, నేనూ పరీక్షలో చెప్పినట్టే చెప్పాను. గట్టిపడ్డాక ఏమీ చేయదు మేడమ్, గట్టిపడక ముందు మాత్రం నరాలకి విషం, చర్మంలోంచి కూడా లోపలికి పోతుంది అని. ఆఖరి మాట నా నోట్లోంచి బయటికి వస్తుండగానే నాకు అర్థమైంది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళగానే, చేతులు కడుక్కున్న తడి ఆరకముందే, గువ్వని ఒళ్ళోకి తీసుకున్నాను.

"గ్లౌజులు వేసుకున్నావు. పోసేటప్పుడు నేను నీ వెనకే ఉన్నాను, ఒక్క చుక్క ఒలకలేదు. పిల్లకేమీ కాదు, ఆ భయం పెట్టుకోకు. కానీ పాలిచ్చే తల్లివని తెలిస్తే నిన్ను ఆ బెంచీ దగ్గర నిలబెట్టేదాన్నా? నువ్వు నాతో అబద్ధమాడావని కాదమ్మా నా బాధ. నా చేత ఆ పని చేయించావు."

ఏమీ కాదన్న మాట విన్నాను, కానీ నా భయం వినిపించుకోలేదు. ఆ వారమంతా గువ్వ ఎలా ఉంది, ఎక్కువ పడుకుందా, తక్కువ నవ్విందా అని లోపల లోపల వెనక్కి తవ్వుకుంటూనే ఉన్నాను. అలా తవ్వుకుంటూనే క్యాంటీన్‌లో విన్న మాట అడిగేశాను. ఆ ఇంకో అమ్మాయిని మీరెందుకు పంపేశారు మేడమ్ అని.

మేడమ్ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు. పంపలేదని చెప్పారు. పిల్లకి పాలు మాన్పించేదాకా ఆ ఒక్క బెంచీ ఆపమన్నానని, అంతవరకు మిగిలినవన్నీ చేసుకోమన్నానని, ఆ అమ్మాయి తలూపి వెళ్ళి మళ్ళీ రాలేదని చెప్పారు. ఫోన్ చేస్తే ఇంట్లో వాళ్ళు తీసి, ఇక రాదన్నారట. "నా మాట నేనే ఇంకోలా చెప్పాల్సిందేమో. చాలా తెలివైన పిల్ల" అని మాత్రం అని, లేచి తాళాల గుత్తి తీసుకున్నారు.

నన్ను వెంటబెట్టుకుని చివరి గదికి తీసుకెళ్ళారు. ఆ ఫ్రీజర్ తలుపు తెరిస్తే తెల్లటి చలి పొగలా కిందికి జారి మా పాదాల మీద పడింది. మేడమ్ మందపాటి గ్లౌజులు తొడుక్కుని, అరలు జరిపి, ఒక చిన్న పెట్టె బయటికి తీశారు. దాంట్లో చిటికెన వేలంత గొట్టాలు బారులు తీరి ఉన్నాయి. ఒకటి పైకెత్తి, మంచు గీరి, నాకు చూపించారు.

దానిమీద నా చేతిరాత. మార్కరుతో రాసింది, చివర్లో కాస్త అలుక్కుపోయింది. నా రోల్ నంబరు, అప్పటి తేదీ. రెండో ఏడాదిలో ఉన్నప్పుడు నా అక్షరాలు ఇంత గుండ్రంగా ఉండేవని నాకే గుర్తులేదు.

"ప్రతి బ్యాచ్‌లోనూ బాగా వచ్చిన పళ్ళేలు నాలుగైదింట్లోంచి బ్యాక్టీరియా తీసి ఇలా దాచుతాను. నువ్వు రాకపోయినా నీ పళ్ళెం తీసి చూశాను, నువ్వు ముందే నంబరు రాసిపెట్టిన గొట్టంలోకే ఎత్తాను. ఆ ఏడాది అంత పచ్చగా వెలిగింది ఇంకోటి లేదు."

నేను ఏడవలేదు. ఏడిస్తే ఆ గొట్టం కనపడదని ఏడవలేదు. మంచం మీద పడుకుని పైకప్పు చూసిన నెలలన్నీ, వెలిగిందా లేదా అని నన్ను నేను అడుక్కున్న సాయంత్రాలన్నీ, అది ఇక్కడ ఈ చలిలో నా పేరు మీద పడుకునే ఉంది. వెలిగింది. నేను చూడలేదు, అంతే.

మేడమ్ దాన్ని నా చేతిలో పెట్టి, కరగనివ్వకుండా గీరి పళ్ళెం మీద గీయమన్నారు. బెంచీ దగ్గరికి పరిగెత్తినంత పని చేశాను. దీపం వెలిగించి, తీగె ఎర్రగా కాల్చి, చల్లార్చి, గొట్టంలో గడ్డకట్టిన దాన్ని కొంచెం గోకి, కొత్త పళ్ళెం మీద అటూ ఇటూ గీతలు గీశాను. పొద్దున బీకరు ముందు ఆగాల్సిన చోట ఆగని చెయ్యి ఇప్పుడు ఆగాల్సిన చోటల్లా ఆగింది. మేడమ్ పక్కనే నిలబడి చూశారు. పళ్ళెం ఇంక్యుబేటర్‌లో పెట్టి తలుపు వేశాను. అందులో వేడి మనిషి ఒంటి వేడి ఎంతో అంత. అది అందరికీ తెలిసిందే, కానీ ఆ రోజు తలుపు పిడి పట్టుకున్నప్పుడు నాకు గువ్వ వీపు తగిలినట్టయింది.

అప్పుడు చెప్పారు ఆవిడ అసలు సంగతి. నా పని ఆవిడకి నచ్చింది, సంతకానికి అభ్యంతరం లేదు. కానీ ఈ టర్మ్‌లో సగం మార్కులు జెల్ బెంచీ మీదే ఉన్నాయి, వచ్చే వారం నుంచి రోజూ అదే పని. బిడ్డకి పాలిస్తున్నన్నాళ్ళూ నన్ను ఆ బెంచీ దరిదాపులకి రానివ్వరు. ఆ బెంచీ లేకుండా టర్మ్ పూర్తవదు. పూర్తవకపోతే మళ్ళీ ఏడాది ఆగాలి. వచ్చే ఏడాది ఆ కుర్చీలో ఆవిడ ఉండరు. ఆ తరవాత వచ్చేవాళ్ళు పాత అడ్మిషన్‌ని లోపలికి రానిస్తారో లేదో ఆవిడ చెప్పలేరు.

"పాలు మాన్పించమని నేను చెప్పను. మానవద్దనీ చెప్పను. ఒకసారి చెప్పి ఒక పిల్లని పోగొట్టుకున్నాను. రేపు పొద్దున పళ్ళెం తీసి చూద్దాం. అప్పుడు చెప్పు ఏమనుకున్నావో."

కోటు విప్పడం కూడా మరిచిపోయి ఎక్కిన బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. రెండు అంతస్తుల మధ్య ఆగిపోయిన లిఫ్టులో ఉన్నవాళ్ళకి తను మొదట చెప్పే మాట, తలుపు సందు కనపడింది కదా అని దూకొద్దు అని. నేను సందు చూస్తూ కూర్చున్నాను. అటు పక్క పచ్చగా వెలిగే పళ్ళెం, ఇటు పక్క పక్కగుడ్డ తడుముతున్న చిన్న చెయ్యి. పొద్దున ల్యాబ్‌లో ఉంటే ఇల్లు లాగుతుంది, సాయంత్రం ఇంట్లో ఉంటే ల్యాబ్ లాగుతుంది. ఎక్కడ ఉంటే అక్కడ లేని దానికోసం ఒళ్ళంతా చెవులైపోతుంది. గువ్వకి ఆ రాతిరికి కడుపునిండా పాలిచ్చి, అది నిద్రపోయాక, అప్పుడు తీరిగ్గా ఆలోచిద్దాం అనుకున్నాను. ఏ నిర్ణయమైనా ఆ తరవాతే. ఆ ఒక్కసారి నాకు కావాలి. అంతకుమించి ఆ పూట నేను దేన్నీ అడగలేదు.

ఇంటి తలుపు దగ్గరికి వేసి ఉంది. ముందు గదిలో ఎప్పుడూ వినిపించే కుట్టుమిషన్ చప్పుడు లేదు. మా అత్తయ్య ఆ మిషన్ మీద బళ్ళ యూనిఫారాలు కుడుతుంది. కాన్పయ్యాక నాకు బిగుతైపోయిన తెల్ల కోటుని పక్కలు విప్పి వదులు చేసి ఇచ్చింది కూడా ఆవిడే. చెప్పులు విప్పి, లోపలి గదికి ఉన్న తెర పక్కకి తీయబోయి ఆగిపోయాను.

తెర సందులోంచి కనిపించింది. అత్తయ్య గోడకి ఆనుకుని కింద కూర్చుంది. భుజం మీంచి ఒళ్ళోకి నా నైటీ పరుచుకుంది, రాత్రి నేను విప్పి మంచం కోడుకి తగిలించినది. దానిమీద గువ్వ పడుకుని ఉంది. నైటీ కొస గుప్పెట్లో పట్టుకుని, కళ్ళు సగం మూసి, సీసాతో పాలు తాగుతోంది. నెలల తరబడి నేను బతిమాలినా, పాడినా, ఏడ్చినా ముట్టని సీసా. గటగటా తాగుతోంది. మధ్యలో అత్తయ్య సీసా తీసి, తన మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని చూసి, మళ్ళీ పెట్టింది.

నేను రావడం ఆవిడ చూసింది. కళ్ళతోనే ఆగమంది. తెర కదిలిన అలికిడికి గువ్వ తాగడం ఆపింది. గోడకి వేలాడుతున్న యూనిఫారాల వైపు, కిటికీ వైపు, తెర వైపు చూసింది. అత్తయ్య గొంతు బాగా తగ్గించి, పిల్లకి కథ చెబుతున్నట్టుగా నాతో మాట్లాడింది.

"నువ్వు వెళ్ళేటప్పుడు ఏడుస్తావు, వచ్చాక ఏడుస్తావు. ఒక పూట ఏడుపైనా తగ్గిద్దామని చూశానమ్మా. పొద్దున్నుంచీ తంటాలు పడితే నీ వాసనకి ఇప్పుడు పట్టింది. ఇవాళ ఒక్క రోజు నువ్వు కనపడకపోతే, రేపటికి ఇదే అలవాటైపోతుంది. పిలిచావంటే మాత్రం సీసా వదిలేసి నీ మీదకి దూకుతుంది, ఇక జన్మలో దీన్ని ముట్టదు. నీ బిడ్డ, నీ ఇష్టం. నేను ఏమీ అనుకోను."

నేను ఇంకా ఏమీ చెప్పలేదు. మేడమ్ అన్న మాట గానీ, జెల్ బెంచీ గానీ, రేపు పొద్దున నాకోసం ఒంటి వేడిలో మేలుకుని ఉండే పళ్ళెం గానీ అత్తయ్యకి తెలియదు. తెలియకుండానే ఆవిడ నాకు తలుపు తీసి పెట్టింది. నేను చేయాల్సిందల్లా నోరు మూసుకుని నిలబడటం. నెలంతా అదే కదా చేశాను.

కోటు ముందుభాగం అంతా తడిసిపోయింది. జేబులో చెయ్యి పెడితే సీసా మూత తగిలింది. దాన్ని గట్టిగా పట్టుకున్నాను.

గువ్వ తెర వైపే చూస్తోంది. సీసా దాని పెదవుల మధ్య కదలకుండా ఉంది. ఏడవలేదు. పొద్దున లేచినప్పటిలాగే ముందు నా చోటు వెతుక్కుంటోంది. నైటీ కొస వదిలేసి, ఖాళీ చెయ్యి గాలిలోకి చాపి, అక్కడెక్కడో నేను ఉండాలని ఖాయంగా తెలిసినట్టు, వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ తడుముతోంది. నా నాలుక చివర దాని పేరు ఉంది. పెదవులు అప్పటికే విడిపోయాయి.